ముందే పెట్టిన సంతకాలు

మా బడిలో తీర్మానం కంటే సంతకం ముందు పుట్టేది. ఇది చదివి ఎవరైనా ముక్కున వేలేసుకుంటే వేసుకోనివ్వండి. సర్కారు బడిలో పనిచేసినవాళ్లు మాత్రం వేసుకోరు. ప్రతి బడికీ తల్లిదండ్రుల కమిటీ ఒకటి ఉండాలి. అది నెలకోసారి కూర్చుని, బడికి ఏం కావాలో మాట్లాడుకుని, రిజిస్టరులో తీర్మానం రాసుకోవాలి. కింద అందరూ సంతకాలు చేయాలి. కాగితం మీద పద్ధతి ఇదీ. కార్ఖానా వెనక సందుల్లో ఉన్న మా హైస్కూల్లో నడిచే పద్ధతి వేరు. కమిటీలో ఉన్న తల్లులంతా అపార్ట్‌మెంట్లలో వంటకో గిన్నెలకో పోయేవాళ్లు. మీటింగుకు వస్తే ఒక పూట పని పోతుంది. ఆ మీటింగు అయిన వారానికే పై ఆఫీసు నుంచి వాట్సాప్‌లో మెసేజీ వస్తుంది, ఇంకో తీర్మానం సాయంత్రం ఐదులోపు పంపాలని. మళ్లీ వాళ్లను ఎక్కడని పిలవను? అందుకని ఒక మీటింగులోనే నాలుగైదు ఖాళీ పేజీల అడుగున సంతకాలు పెట్టించుకుని పంపేసేదాన్ని. అవసరం పడ్డప్పుడు పైన రాసుకునేవాళ్లం.

ఈ ఉపాయం నేను కనిపెట్టింది కాదు. నా ముందున్న హెడ్మాస్టరు చేశాడు, ఆయన ముందున్నాయనా చేసే ఉంటాడు. నేను చివరి ఆరేళ్లు ఆ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా ఉండి రిటైరయ్యాను. ఆ ఆరేళ్లలో ఎన్ని పేజీలు అలా నింపానో లెక్క పెట్టుకోలేదు. ఒక్క పేజీ మాత్రం నన్ను వదలడం లేదు.

ముందు నేను చార్జి తీసుకున్న రోజు సంగతి చెప్పాలి. సంతకాల విషయంలో నేనూ ఆ తల్లుల కంటే గొప్పదాన్నేమీ కాదు. పాత హెడ్మాస్టరు రిటైరై పోతూ చార్జి లిస్టని ఒక కాగితాల కట్ట నా ముందు పెట్టాడు. బల్లలు, బీరువాలు, గ్లోబులు, పనిచేయని కంప్యూటర్లు, పగిలిన బీకర్లు, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. ప్రతి పేజీ కింద సంతకం చేయమన్నాడు.

"అన్ని సదువుకుంట కూసుంటే రేపటిదాంక పడుతదమ్మా, మీరు కానియ్యున్రి," అన్నాడు.

కానిచ్చాను. ఆయన తాళంచెవుల గుత్తి నా చేతిలో పెట్టి, అందులో ఒకేలా ఉన్న రెండు ఇత్తడి చెవుల్ని వేరుచేసి చూపించాడు. "ఇవి పక్క బాత్రూందియి. ఒకటి బీరువాల వెట్టుకోన్రి. ఎవరికీ ఇయ్యకున్రి, ఒక్కరికిస్తే అందరు అడుగుతరు."

ఆ సలహా విలువ నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లు టీచరుగా నీళ్లు తాగకుండా బతికినదాన్ని. పొద్దున మల్కాజ్‌గిరిలో ఇంట్లో కాఫీ తాగి బస్సెక్కితే మళ్లీ సాయంత్రం ఇంటికి వచ్చాకే గొంతు తడిపేది. మా తరం టీచరమ్మల్లో ఎవర్ని కదిపినా ఇదే కథ చెబుతారు. బడిలో మగవాళ్లకు గోడ ఉంటుంది, మనకు ఓర్పు ఉంటుంది అని నవ్వుకునేవాళ్లం. ప్రమోషన్‌తో జీతం పెద్దగా పెరగలేదు, గౌరవం సంగతి దేవుడెరుగు. నాకు నిజంగా దక్కిన సుఖం ఆ బాత్రూం ఒక్కటే.

అది నా గది పక్కన, వరండా చివర్లో ఉండేది. లోపల కమోడు, బోలెడంత చోటు, గోడకు నడుమెత్తున ఒక స్టీలు గొట్టం. గొట్టం మీద నా తువ్వాలు ఆరేసుకునేదాన్ని. నాకు మోకాళ్ల నొప్పులు. పాత సారుకూ ఉండేవేమో, పట్టుకుని లేవడానికి పెట్టించుకున్నాడనుకున్నాను. తలుపు మీద ఏదో బొమ్మ ఉండి, పైన రంగు పూసేసినట్టుండేది. గుమ్మం ముందు మెట్టుకు బదులు వాలుగా సిమెంటు చేసి ఉంది. దాని మీద విరిగిన బెంచీలు దాదాపు పైకప్పు దాకా పేర్చి ఉండేవి. పక్కనుంచి ఒక మనిషి ఒరుసుకుంటూ పోయేంత సందు మాత్రం మిగిలింది. ఆ బెంచీలను పారేయడానికి వీల్లేదు, స్టాకు రిజిస్టరులో ఉన్నాయి. పద్దులోంచి కొట్టేయాలంటే పైనుంచి అనుమతి రావాలి. మూడుసార్లు రాశాను, జవాబు రాలేదు. నాలుగోసారి రాసే ఓపిక లేకపోయింది.

బడికి డబ్బు రాదని నేననను. వస్తుంది. మాకు అవసరమైనప్పుడు కాదు, దానికి బుద్ధి పుట్టినప్పుడు. జూన్‌లో బడి తెరిచినప్పుడు చాక్‌పీసులు నా పర్సులోంచే కొనాలి. మార్చి మూడో వారంలో గ్రాంటు ఖాతాలో పడేది, నెలాఖరులోపు ఖర్చు చేయకపోతే మురిగిపోయేది. ఏ పద్దు కింద వస్తే ఆ పద్దుకే వాడాలి. ఒక ఏడాది గోడలకు రంగులకని వచ్చింది. నల్లా కారుతోంది, కొంత దానికి వాడుకుంటామంటే కుదరదన్నారు. కారే నల్లా వెనక గోడకు శుభ్రంగా రంగు వేయించి ఫోటో తీసి పంపాం. చాలా బాగుందని మెచ్చుకున్నారు.

నేను వెళ్లిన మరుసటి ఏడాది ఒక పిల్ల ఆరో తరగతిలో చేరింది. పుట్టుకతోనే కాళ్లలో బలం లేదు. తల్లి రోజూ చంకనెత్తుకుని గేటు దాకా తెచ్చి దింపేది. అక్కడినుంచి పిల్ల గోడలు పట్టుకుని క్లాసుకు నడిచేది. వరండా గోడకు వేసిన సున్నం ఆ పిల్ల అరచేతి ఎత్తున ఒక చారలాగా అరిగిపోయింది. చదువులో చురుకు. తెలుగు పాఠం పైకి చదవమంటే క్లాసంతా నిశ్శబ్దమయ్యేది.

ఆ ఏడాదే కమిటీకి చైర్‌పర్సన్‌ను ఎన్నుకోవాల్సి వచ్చింది. ఎవరూ ముందుకు రాలేదు. ఈ పిల్ల తల్లి, ఎలాగూ బిడ్డను ఎత్తుకుపోవాలి కాబట్టి, ముందు వరసలో కూర్చుని ఉంది. వెనకవాళ్లంతా ఆమెను చూపించారు.

"నాకేం తెలుస్తది మేడం, నేను సదువుకోలే," అంది.

"నీకేం తెలియనక్కర్లేదమ్మా. సంతకం పెడితే చాలు," అన్నాను.

ఈ మాట అన్నది నేనే. మరచిపోదామన్నా పోదు.

మొదటి మీటింగులో ఆమె వేలిముద్రే వేసింది. బొటనవేలికి అంటిన సిరాను తలకు రాసుకుని, సిగ్గుపడుతూ పనికి పోయింది. రెండో మీటింగుకు వచ్చినప్పుడు ఇంకుప్యాడు ముందుకు జరిపితే వద్దంది. పెన్ను తీసుకుంది. పిల్ల తలుపును ఆనుకుని నిలబడి చూస్తోంది. తల్లి పెదవి కొరుకుతూ, ఒక్కో అక్షరాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటూ రాస్తోంది.

"ఒత్తు మర్శిపోకమ్మా," అని తలుపు దగ్గరి నుంచి హెచ్చరిక వచ్చింది.

ఒత్తు పడింది. పిల్ల ముఖం చూడాలి అప్పుడు. తన క్లాసులో ఫస్టొచ్చినప్పుడు కూడా అంత సంబరపడలేదు. నాకూ కళ్లు చెమర్చాయి. ఆ సంతోషంలోనే వరసగా నాలుగు ఖాళీ పేజీలు తిప్పి, వాటి కింద కూడా పెట్టమన్నాను. ఆమె నాలుగింటి మీదా, నాలుగుసార్లూ ఒత్తు మరిచిపోకుండా పెట్టింది. తర్వాత మీటింగుల్లోనూ అంతే. సంతకం చేయడమంటే ఆమెకు ఇష్టంగా ఉండేది.

పిల్ల ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. ఎండకేమో అనుకున్నాం. తల్లి పరుగున వచ్చి పిల్ల సంచీలోంచి నీళ్ల బాటిల్ తీసి నా బల్ల మీద పెట్టింది. నిండుగా ఉంది.

"పొద్దున నింపిస్త మేడం. పొద్దుమీకి ఎట్లది గట్లనే తీస్కొస్తది. ఒక్క బొట్టు సుత తాగదు."

ఎందుకు తాగదో నాకు వేరే చెప్పక్కర్లేదు. ఆడపిల్లల మరుగుదొడ్లు గ్రౌండు చివర ఉండేవి. ఎక్కడానికి మూడు మెట్లు, లోపల కింద కూర్చోవాలి. ఆరో తరగతిలో ఒకసారి స్నేహితురాళ్లు ఎత్తి తీసుకెళ్తే లోపల జారి పడిందట. తడిసిన బట్టలతో సాయంత్రం దాకా కూర్చుందట. మళ్లీ అటు పోలేదు, నీళ్లూ తాగలేదు. పెద్దాసుపత్రి డాక్టరు యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నాడు. ఇట్లాగే మళ్లీ మళ్లీ వస్తే కిడ్నీలకు ముప్పన్నాడు.

"ఎనిమిదిలకు వచ్చే లోపల ఏదన్న జెయ్యున్రి మేడం," అంది తల్లి. "లేకుంటే బడి బంద్ వెడ్త. సదువుకన్న పానం ముఖ్యం గద."

ఆమె బెదిరింపుగా అనలేదు. పక్కనే ఉన్న పిల్ల తలెత్తకుండా బాటిల్ మూతను తిప్పుతూ ఉంది. ఆ పిల్ల బడి మానేయడం నాకు ఇష్టం లేదు. మూడు దశాబ్దాల్లో నా ముందు నుంచి ఎందరో పిల్లలు మానేసి పోయారు. కొందరు పనికి, కొందరు పెళ్లికి. మూత్రానికి పోవడానికి చోటు లేక ఒక పిల్ల మానేస్తే ఇక నేను అక్కడ కూర్చుని చేసేదేమిటి?

ఎనిమిదో తరగతి మేడ మీద ఉండేది. అది నా చేతిలో పని కాబట్టి ఆరో తరగతిని పైకి పంపి ఎనిమిదిని కిందికి తెచ్చే ఏర్పాటు చేశాను. మరుగుదొడ్డి నా చేతిలో లేదు. అలాంటి పిల్లల కోసం వాలుదారి, కమోడు, పట్టుకునే గొట్టం ఉన్న మరుగుదొడ్డి కట్టడానికి వేరే పద్దు ఉందని, దానికి కమిటీ తీర్మానం కావాలని తెలుసుకున్నాను. మీటింగు పెట్టి, అందరం మాట్లాడుకుని, నిజంగా తీర్మానం రాసి పంపాం. అప్పటిదాకా ముందు మాట్లాడి తర్వాత సంతకాలు పెట్టించిన తీర్మానం బహుశా అదొక్కటే.

ఆ తర్వాత ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మెసేజీ వచ్చింది. బడిలో ఉన్న సౌకర్యాల మీద కమిటీ తీర్మానం సాయంత్రం అయిదులోపు పంపాలి. లేకపోతే గ్రాంటు ఆగుతుంది. కింద ఒక నమూనా తీర్మానం కూడా జతచేశారు. పదో తరగతి హాల్‌టికెట్లలో తప్పులు దిద్దిస్తూ నేను అప్పటికే తల పట్టుకుని ఉన్నాను. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు లెక్కపెట్టడానికి ఎవరో వచ్చి బయట కూర్చున్నారు. మా లెక్కల సారు చేతిరాత బాగుంటుంది, ఇలాంటివన్నీ ఆయనే రాసేవాడు.

"ఏం పరేషాన్ గాకున్రి మేడం," అన్నాడు. "నమూనా ఇచ్చిన్రు, ఉన్నదున్నట్టు దించేస్తే అయిపాయె. సంతకాల పేజీలు ఉన్నయి గద."

ఉన్నాయి. ఆయన దించాడు. నేను తేదీ, స్టాంపు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి నా సంతకం చేశాను. చదవలేదు. ఆ రోజు చదివే ఓపిక లేదు. ఐదుకు పది నిమిషాల ముందు పంపేసి ఇద్దరం టీ తాగాం. గండం గడిచిందనుకున్నాను.

జూన్‌లో బడి తెరిచారు. పిల్ల ఎనిమిదికి వచ్చింది. పనులు మంజూరైన బళ్ల జాబితా వచ్చింది. అందులో మా బడి లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే, "మీ కమిటీయే అవసరం లేదని రాసిచ్చింది కదమ్మా," అన్నారు. ఎవరు రాసిచ్చారు, ఎప్పుడు రాసిచ్చారు అని కోపంగా ఫోన్ పెట్టేసి రిజిస్టరు తీశాను. అప్పుడే తల్లీపిల్లా నా గదిలోకి వచ్చారు. జాబితా వచ్చిందని ఎవరో చెప్పారట. నేను కళ్లజోడు వెతుక్కునే లోపే పిల్ల బల్ల అంచు పట్టుకుని రిజిస్టరు మీదికి వంగింది.

"నేను సదువుత మేడం," అంది.

వద్దనడానికి కారణం కనిపించలేదు. క్లాసులో చదివినట్టే స్పష్టంగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చదివింది. "మా పాఠశాలలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు అనువైన మరుగుదొడ్డి ఉన్నదనియు, కొత్తగా నిర్మించవలసిన అవసరం లేదనియు కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

చదివి ఆగింది. కింద చూసింది.

"అమ్మా, గిది నీ సంతకమే."

"నేనెప్పుడు వెట్టిన?" అంది తల్లి. ఆమె కూడా వంగి చూసింది. చదవడం రాదు కానీ తన పేరును గుర్తుపట్టగలదు. "నువ్వు నేర్పిందేనా బిడ్డా?"

"నేను నేర్పిందే. ఒత్తు సుత మంచిగ వెట్టినవ్."

తల్లి నా వైపు తిరిగింది. "నా పిల్లకు ఒద్దని నేనే రాసిచ్చిన్నా మేడం?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నాది, నమూనా చూసి దించేశాం, నేను చదవలేదు అని చెప్పాను. ఆమెకు నమూనా అంటే ఏమిటో అర్థం కాలేదు, నేను చదవలేదన్నది మాత్రం అర్థమైంది. రేపే ఆఫీసుకు పోదాం, నీ ముందే వాళ్లకు ఇది తప్పని చెబుతాను, మన బడిలో అలాంటిదేదీ లేదని రాసిస్తాను అన్నాను. ఆమె తల ఊపి, పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె రెండిళ్ల పని మానుకుని వచ్చింది. ఆఫీసులో మధ్యాహ్నం రెండు దాకా కూర్చోబెట్టారు. ఎవరో పిల్లలు గీసిన స్వచ్ఛత బొమ్మల కింద ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆమె ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు నాకిచ్చింది. అలవాటు కొద్దీ రెండు గుక్కలతో ఆపేశాను. చివరికి పనులు చూసే ఉద్యోగి పిలిచాడు. కుర్రవాడే, మర్యాదగానే ఉన్నాడు. నేనే ఎగిరాను. ఇన్నేళ్ల విసుగంతా ఆ బల్ల మీద కుమ్మరించాను. నమూనాలు పంపి మా ప్రాణాలు తీస్తారా అన్నాను. ఆ తీర్మానం తప్పు, మా బడిలో అలాంటి మరుగుదొడ్డి ఉంటే చూపించండి, నా ఉద్యోగం రాసిస్తాను అన్నాను.

అతను ఒక పాత ఫైలు తెప్పించి, పేజీలు తిప్పి, ఒక ఫోటో దగ్గర ఆపి మా వైపు తిప్పాడు.

కొత్తగా కట్టిన గది. ముందు వాలుగా సిమెంటు దారి, దాని మీద రిబ్బను. తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ. పక్కన మా పాత హెడ్మాస్టరు నవ్వుతూ నిలబడి ఉన్నాడు. కింద ఇంకో ఫోటోలో లోపలి భాగం ఉంది. కమోడు, నీలం పువ్వుల టైల్సు, నడుమెత్తున స్టీలు గొట్టం. ఆ గొట్టం మీద నా తువ్వాలు ఒక్కటే లేదు.

తల్లి ఫోటోకు దగ్గరగా వంగి చాలాసేపు చూసింది.

"మేడం, గిది మీ రూం పక్కలది గద? బెంచీలున్న కాడ," అంది.

"మీరు తప్పేం రాయలేదమ్మా," అన్నాడు ఆ ఉద్యోగి. "ఉన్నది ఉన్నట్టే రాశారు. ఒక బడికి ఒక్కటే ఇస్తారు, రెండోది రాదు." నన్ను ఇరుకున పెట్టాలని కాదు గానీ, అదే ఫైల్లో ఉన్న మా చార్జి లిస్టు కాపీ కూడా తీసి చూపించాడు. ప్రత్యేక అవసరాల పిల్లల మరుగుదొడ్డి ఒకటి, తాళంచెవులు రెండు. అడుగున నా సంతకం ఉంది.

వచ్చేటప్పుడు ఇద్దరం ఆటో ఎక్కాం. నేను ఆ పిల్ల బాటిల్‌ను నా బల్ల మీద నిండుగా చూశాను. నీళ్లు తాగకుండా బతకడమేమిటో ఈ బడిలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా ఒక్కసారి కూడా నాకు ఆ తలుపు గుర్తుకు రాలేదు. మేడ మీద క్లాసును కిందికి దించాను, మీటింగు పెట్టాను, ఉత్తరాలు రాశాను. రోజుకు మూడుసార్లు ఆ గొట్టం పట్టుకుని లేస్తూనే ఇవన్నీ చేశాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారి ఎవరో ఇన్నాళ్లూ పై ఆఫీసుల్లో వెతికాను.

కార్ఖానా మలుపు దగ్గర ఆమె నోరు తెరిచింది. "సంకల పిల్లను వెట్టుకొని ఊరంత దేవులాడినట్టయింది మేడం."

"నన్ను తిట్టమ్మా," అన్నాను. నిజంగానే అన్నాను. తిడితే కాస్త తేలికపడేదాన్ని.

"తిడ్తే ఏమొస్తది? తాళంచెవి ఇయ్యున్రి."

ఆ సాయంత్రమే బెంచీలు తీయించాను. లెక్కల సారు, పదో తరగతి పిల్లలు, నేను కలిసి గ్రౌండులోకి మోశాం. అనుమతి లేదు కదా మేడం అని సారు ఒకసారి నసిగాడు. నేను చూసిన చూపుకు మళ్లీ అనలేదు. అవి ఆ వానాకాలమంతా బయట నాని పుచ్చిపోయాయి. స్టాకు రిజిస్టరులో మాత్రం ఇప్పటికీ పదిలంగా ఉన్నాయి. చివరి బెంచీ తీశాక వాలుదారి మొత్తం కనపడింది. నేను లోపలికి పోయి తువ్వాలు తీసేశాను.

మర్నాడు ఇంటర్వెల్‌లో పిల్లను పిలిచి తాళంచెవి చేతిలో పెట్టాను. నీ దగ్గరే ఉంచుకో, ఎవరినీ అడగక్కర్లేదు అన్నాను. పిల్ల వాలుదారి మీద, గోడకు చెయ్యి ఆన్చి, మెల్లగా తలుపు దాకా నడిచింది. తాళం తీసింది. లోపలికి చూసి ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు.

"నాకు తెల్సు మేడం, లోపల కుర్సీ లెక్క ఉంటదని," అంది. "ఆరో తరగతిల ఉన్నప్పుడు మీరు తలుపు తెరిస్తే బెంచీల సందులకెళ్లి చూసిన."

"మరి ఎప్పుడూ అడగలేదేమే?"

"అది మీది గద మేడం," అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

నేను నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చాను. ఏడ్చి, ముఖం తుడుచుకుని, పెండింగులో ఉన్న మెసేజీలకు జవాబులు పంపాను.

ఆ తర్వాత అంతా చక్కబడిందని చెబితే అబద్ధమవుతుంది. తల్లి ఖాళీ పేజీల మీద సంతకం మానేసింది. తీర్మానం రాయాలి, పిల్ల పైకి చదవాలి, అప్పుడే పెన్ను పట్టేది. మిగతా తల్లులు గొణిగారు, ఇంకో పూట పని పోతోందని. వాళ్ల మాటా నిజమే. ఐదు గంటల గడువులు దాటిపోయేవి. నాకు రెండు మెమోలు వచ్చాయి. ఒకసారి నేనే విసుక్కుని, "అన్నీ చదవాలా తల్లీ?" అన్నాను. "సదవాలె మేడం," అంది ఆమె, పెన్ను మూత పెట్టి. మెమోలకు జవాబు రాయడం కంటే చదివించడమే నయమని ఊరుకున్నాను. పిల్ల తాళంచెవిని ఐడీ కార్డు తాడుకు కట్టుకుని మెళ్లో వేసుకునేది. రెండో చెవి బీరువాలోనే ఉన్నా దాన్ని ముట్టుకోలేదు. నాకు అవసరమైనప్పుడు ఇంటర్వెల్ దాకా ఆగి, ఆ క్లాసు గుమ్మంలో నిలబడేదాన్ని. "ఇగోండ్రి మేడం," అని ఏమీ అనుకోకుండా తీసి ఇచ్చేది. నేను మళ్లీ నీళ్లు తగ్గించాను. ఆ పిల్ల బాటిల్ మాత్రం సాయంత్రానికి ఖాళీగా ఇంటికి పోయేది. తల్లి గేటు దగ్గర దాన్ని ఎత్తి ఊపి చూసుకునేది.

పిల్ల పదో తరగతిలో ఉండగా నేను రిటైరయ్యాను. నా స్థానంలో వచ్చినావిడ ముందు చార్జి లిస్టు పెట్టాను. ఆవిడ చదవకుండానే చకచకా సంతకాలు చేస్తూ పోయింది. ఆపి, ఒక్క పేజీ నేనే పైకి చదివాను. ప్రత్యేక అవసరాల పిల్లల మరుగుదొడ్డి ఒకటి, తాళంచెవులు రెండు.

"చెవులేవీ మేడం?" అంది.

"ఒకటి పదో తరగతిలో ఒక అమ్మాయి మెళ్లో ఉంది. మీకు కావాలంటే ఆ పిల్లని అడగాలి. ఎవరడిగినా ఇస్తుంది."

ఆవిడ నేను జోకేశాననుకుని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు షుగరుంది మేడం. ప్రతిసారీ పిల్లను అడగాలంటే కష్టం కదా. రెండోది ఇచ్చిపోండి," అంది.

ఆవిడ కష్టం నాకు తెలియనిది కాదు. అందరి కంటే నాకే బాగా తెలుసు. అయినా ఎప్పుడో పోయిందని చెప్పి, లిస్టులో రెండును కొట్టేసి ఒకటి అని దిద్ది, పక్కన సంతకం చేశాను. ఆ చెవి అప్పుడు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఇప్పుడు మల్కాజ్‌గిరిలో మా ఇంటి బీరువాలో ఉంది. సర్కారుకు నేను తెలిసి తెలిసి రాసిచ్చిన అబద్ధం అదొక్కటే, అది మాత్రం పూర్తిగా చదివే సంతకం పెట్టాను.